గుంజ మీద రాళ్ళు

ఆ దీవిలో అడుగు పెట్టినవాళ్ళెవరైనా ముందు తాళాలక్క చేత తిట్లు తినాల్సిందే. చేతిలో ప్లాస్టిక్ సీసా ఉంటే ఒక తిట్టు, కాళ్ళకి పల్చటి చెప్పులుంటే ఇంకో తిట్టు, పసిపిల్లల చెయ్యి వదిలేసి ఫోన్లో ఫొటోలు తీసుకుంటూ నిలబడితే ఇక చెప్పక్కర్లేదు. రేవు దగ్గర గేటు కాపలా ఆవిడది. నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది కనక ఆ పేరు. ఆవిడ తిట్లకి ఎవరూ నొచ్చుకోరు. పొద్దున్న తిట్లు తిన్నవాళ్ళంతా సాయంత్రం పడవకి క్షేమంగా తిరిగొస్తారని పడవ నడిపే సరంగుకీ తెలుసు, ఆఫీసుకీ తెలుసు.

అలా తిరిగి రానివాడు ఒక్కడే. వాడు ఆవిడ సొంత తమ్ముడు.

ఆ రోజు పొద్దుటి పడవలో దిగినవాళ్ళని ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఎత్తుమడమల చెప్పులతో కొండెక్కడానికి వచ్చిన ఒక మహాతల్లిని కూడా ఊరికే చూసి పంపేసింది. దానికి కారణం సరంగు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పడవకి తాడు కట్టకముందే కబురు చెప్పేశాడు.

"బోర్డు తయారైందక్కా. రేంజరు గారు సాయంత్రం పడవలో తెస్తారు. నేను చూశాను కూడా. ఎర్ర అక్షరాలు."

"ఏం రాశారు?"

సరంగు నీళ్ళు నమిలాడు. "అదే... మొదట అనుకున్నదే."

"నోరు తెరిచి చెప్పు."

"గుర్తు రాయి పెట్టడం మరిచి లోపలికి వెళ్ళిన మా ఉద్యోగి ఒకరు ఇక్కడ పోటులో చిక్కుకుని మరణించారు, నియమాలు పాటించండి, ఈ దారి మూసివేయబడింది అని. అంతే అక్కా. పేరు వెయ్యలేదు."

"పేరు వెయ్యకపోతే ఎవరో తెలియదా? ఈ దీవిలో చచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు?" అని ఆవిడ గేటు గడియ వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ బోర్డు గొడవ అర్థం కావాలంటే గుంజ సంగతి తెలియాలి. దీవి మొత్తం పక్షులకీ తాబేళ్ళకీ వదిలేసిన రక్షిత ప్రాంతం. మనుషులు నడవడానికి రెండే దారులు. గట్టు దారి కొండ మీదుగా పోతుంది. అక్కడ గాలి తప్ప వేరే బాధ లేదు. ఒడ్డు దారి కొండ కిందుగా, నీళ్ళ పక్కనే, రాతిముక్కు అనే మలుపు దాటి కాస్త దూరం వెళ్ళి ఆగిపోతుంది. పోటు వచ్చిందంటే ఆ దారి చాలా మటుకు సముద్రంలోకి పోతుంది. లోపల చిక్కినవాడికి వెనక్కి రావడానికి దారి ఉండదు, పైకెక్కుదామంటే కొండ నిటారుగా ఉంటుంది.

రెండు దారులూ విడిపోయే చోట నడుమెత్తు చెక్క గుంజ ఒకటి పాతారు. ఒడ్డు దారిలోకి పనికి వెళ్ళే ప్రతి మనిషీ కింద నుంచి ఒక రాయి తీసి గుంజ నెత్తిన పెట్టాలి. తిరిగి వచ్చాక ఎవరి రాయి వాళ్ళే తీసెయ్యాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ బయటపడ్డారో లేదో గేటు దగ్గర తాళాలక్క ఎలాగూ చూసుకుంటుంది. పనివాళ్ళ సంగతి గుంజ చెబుతుంది. రాయి ఉంటే పడవ కదలడానికి వీల్లేదు, లోపలికి మనుషులు వెళ్ళి వెతుకుతారు. బోడి గుంజ కనిపిస్తే ఆవిడ సరంగుకి చెయ్యి ఊపుతుంది. వాకీటాకీలు ఇచ్చారు గానీ కొండ కింద అవి గురక పెట్టడం తప్ప పలకవు. వాటికన్నా రాయే నయం.

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం గుంజ బోడిగా ఉంది. ఆవిడ చెయ్యి ఊపింది, పడవ వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళకి కూడా తమ్ముడు ఇంటికి రాలేదు. మర్నాడు పోటు తీశాక రాతిముక్కు కింద దొరికాడు. సుత్తి ఇంకా నడుము పట్టీకే ఉంది.

విచారణకి వచ్చిన పెద్ద ఆఫీసర్లు అడిగింది ఒకటే మాట. రాయి ఉందా? లేదు. అయితే పెట్టలేదన్నమాట. ఆ రోజు లోపలికి వెళ్ళిన రెండో మనిషి అతని భార్య. ముళ్ళకంపలు కొట్టే పని ఆమెది. "నేను బయటికొచ్చేసరికి గుంజ మీద నా రాయి ఒక్కటే ఉంది, తీసేశాను" అని ఆమె చెప్పింది. దాంతో అతని నిర్లక్ష్యమే అని తేల్చేసి, తెచ్చుకున్న మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

తాళాలక్క ఒప్పుకోలేదు. మా వాడు మరిచిపోయే రకం కాదని కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చిన్నప్పుడు వాడు బడికి రెండు పలకలు మోసుకెళ్ళేవాడు. ఒకటి తనది, రెండోది అక్కది. రోజూ పలక మరిచిపోవడం అక్కకి అలవాటు. వీధి మలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూడడానికి మళ్ళీ వెనక్కి పరిగెత్తుకొచ్చే పిల్లవాడు పెద్దయ్యాక రాయి పెట్టడం మరుస్తాడా? పెట్టే ఉంటాడు. ఎవరో తీసి ఉంటారు. ఆ ఎవరో ఎవరన్నది ఆవిడ పైకి అనలేదు గానీ, మరదలి వైపు చూసే చూపులో దాచుకున్నదీ లేదు.

ఇద్దరూ ఉండేది ఒకే క్వార్టర్సులో. రెండు గదులు, ఒక వంటగది. అతను ఉన్న రోజుల్లో వదిన మీద మరదలికి, మరదలి మీద వదినకి ఉన్న ఫిర్యాదులన్నీ అతని చెవుల్లోనే పడేవి. ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యకుండా నవ్వి ఊరుకునేవాడు. అతను పోయాక ఫిర్యాదులు వినేవాళ్ళూ పోయారు. ఇప్పుడు ఆ ఇంట్లో మాటలు గిన్నెలే ఆడుకుంటాయి. మరదలు మూత ఠప్పుమని పెడితే వంటయిందని, వదిన తాళాలు బల్ల మీద విసిరితే తిండి వద్దని అర్థం. అతని గొడుగు తలుపు వెనక మేకుకి అలాగే ఉంది. ఎంత వాన పడ్డా ఇద్దరూ తడిసే వెళతారు గానీ దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఈలోగా సముద్రం ఒడ్డు దారిని కొంచెం కొంచెంగా కొరుక్కు తినేసింది. ఇక బాగుచెయ్యడం దండగ, మూసేద్దాం అన్నారు. చెక్కలు ఊడదీసి, కంప పరిచి, గడ్డి మొలవడానికి వదిలెయ్యాలి. ఆ పని చెయ్యాల్సింది ఈ ఇద్దరే. రేంజరు ముందే ఒక మాట చెప్పాడు. "రుజువేమైనా ఉంటే బోర్డు దిగేలోపు చెప్పమ్మా, మార్పిస్తాను. ఊరికే మా వాడు అలాంటివాడు కాదంటే నేనేం చెయ్యను?" ఆయన చెడ్డవాడు కాదు. అందువల్ల ఆయనతో పోట్లాడడానికి కూడా వీలు లేకపోయింది.

సాయంత్రం పడవ వచ్చేలోపు మరదలి నోటి నుంచి నిజం రావాలి. లేకపోతే ఆ ఎర్ర అక్షరాల పక్క నుంచి రోజూ నడవాలి. పొద్దుటి జనాన్ని గట్టు దారికి ఎక్కించి, గేటుకి తాళం వేసి, ఆవిడ గునపం భుజాన పెట్టుకుంది. మరదలు కొడవలి పట్టుకుని వెనక నడిచింది. ఆకాశం పొద్దుటి నుంచీ మూసుకునే ఉంది.

గుంజ దగ్గరికి రాగానే ఇద్దరూ వంగి చెరో రాయి ఏరారు. ఇవాళ్టితో మూసేసే దారికి ఇంకా రాళ్ళెందుకని ఇద్దరికీ తోచలేదు. మరదలు తన రాయి పెట్టింది. తాళాలక్క పక్కన తనది పెట్టి చెయ్యి తీసిందో లేదో, మరదలు ఆ రాయిని ఎత్తి తన రాయి మీద పెట్టింది. పెట్టాక తనే ఉలిక్కిపడింది.

"ఏంటది?"

"ఏం లేదు వదినా. అలవాటు."

తాళాలక్క చెక్కలు ఊడదీసే పని మొదలుపెట్టింది. చెక్కలు మెత్తబడిపోయినా మేకులు మాత్రం ఊడి రానంటున్నాయి. అన్నీ తమ్ముడు కొట్టినవే. ఎవరి పాదానికీ గీరుకోకూడదని మేకు తలని చెక్కలోకి దిగిపోయేదాకా కొట్టేవాడు. ఒక్కొక్క మేకూ పీకుతుంటే ఆవిడకి కళ్ళు మసకబారాయి. వాడి పని మొత్తం తన చేతులతోనే చెడగొట్టాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది. మరదలు వెనక కంప పరుచుకుంటూ వచ్చింది. పీతలు మాత్రం ఇద్దరినీ లెక్కచెయ్యకుండా అటూ ఇటూ తిరిగాయి.

రాతిముక్కు కనిపించేంత దూరం వచ్చాక తాళాలక్క గునపం నేలకి ఆనించి నిలబడింది.

"అలవాటన్నావు. ఏం అలవాటు?"

మరదలు కొడవలి కింద పెట్టింది.

"మేం ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్ళం వదినా. ఆయనే నేర్పారు. గుంజ మీద ఒంటిరాయి చూస్తే నాకు అదోలా ఉంటుందే అనేవారు. ఉంటే రెండూ ఉండాలి, పోతే రెండూ పోవాలి అనేవారు. ముందొచ్చినవాళ్ళు ముట్టుకోకుండా వచ్చెయ్యాలి. వెనకొచ్చినవాళ్ళు రెండూ తియ్యాలి. అదీ మా ఒప్పందం. మీకు తెలిస్తే ఒంటికాలి మీద లేస్తారని చెప్పలేదు."

"ఎవరి రాయి వాళ్ళే తియ్యాలని వాడికి నేను..." తాళాలక్క మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ రోజు నేను ఇక్కడే, పైన కంపల్లో ఉన్నా. వానకి తల మీద సంచి కప్పుకున్నా. ఆయన రాతిముక్కు అవతల చెక్కలు బిగిస్తున్నారు. కాసేపటికి సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఇంకాసేపటికి మళ్ళీ వినపడింది, కానీ రేవు వైపు నుంచి. ఆయన నా వెనక నుంచే వెళ్ళిపోయారనుకున్నా. రేవులో మేకులు కొట్టేవాళ్ళు ఇంకెవరున్నారు వదినా? పడవలో బల్ల ఊడిపోతే సరంగు కొట్టుకుంటున్నాడని నాకు తర్వాత తెలిసింది." ఆమె చేతులు ముందుకు చాపి వాటినే చూసుకుంది. "నేనే వెనకొచ్చాననుకున్నా. రెండూ తీసేశాను."

ఏడాదిగా తాళాలక్క కాచుకు కూర్చున్న మాట ఇదే. ఈ మాట వచ్చిన క్షణాన ఏమేం అనాలో ఆవిడ ఎన్నోసార్లు మనసులో అనుకుని ఉంచుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. కోపం వచ్చింది. మరదలి మీద రావడం సరే, పోయినవాడి మీద కూడా వచ్చింది. పలకలు మోసినవాడు, తన దగ్గర ఏదీ దాచడని తను నమ్మినవాడు, ఇంత మాట దాచి పెళ్ళాంతో గుంజ దగ్గర ఆటలాడుకున్నాడు.

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. ఒక్కటే ఉందన్నా. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయా. ఇవాళ చెప్పేస్తా వదినా. ఆ బోర్డు కట్టనివ్వను."

"చెప్పు. చెప్పి తీరాలి. ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, కేసు పెడతారేమో కూడా. అయినా చెప్పాలి. వాడి మీద ఆ మచ్చ చూస్తూ నేను బతకలేను."

"చెప్తాను."

"నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుని, ఏడాది నా పక్క గదిలో హాయిగా నిద్రపోయావు."

"నిద్రపోలేదు వదినా," అంది మరదలు.

తాళాలక్క గునపం భుజాన వేసుకుని విసవిసా వెనక్కి నడిచింది. కంప పరవాల్సింది ఇంకా ఉంది, పరుచుకుని తగలడనీ అనుకుంది. గుంజ దగ్గరికి వచ్చి పైనున్న తన రాయి తీసి విసిరేసింది. అక్కడే ఒక బండ మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. నిజం దొరికింది. సాయంత్రానికి ఎర్ర అక్షరాలు మారిపోతాయి. తమ్ముడి పేరు కడిగినట్టయిపోతుంది. అయినా ఆవిడకి హాయిగా లేదు.

అలల చప్పుడు మారింది. పోటు మొదలైంది. మరదలు ఇంకా రాలేదు. "ఏయ్!" అని కేకేసింది. కొండ ఆ కేకని తిప్పి ఆవిడ మొహానే కొట్టింది. గుంజ వైపు చూసింది. దాని మీద ఒంటిరాయి ఉంది. వాడు అదోలా ఉంటుందన్నది దేన్ని చూసో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఒక మనిషి లోపల ఉంది, ఆ మనిషికి తిరిగి రావాలని లేదు.

ఆవిడ లేచి, విసిరేసిన రాయి కోసం గడ్డిలో తడిమింది. అది దొరకలేదు. చేతికందిన ఇంకో రాయి తెచ్చి ఆ రాయి మీద పెట్టి, ఒడ్డు దారిలోకి పరిగెత్తింది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తడం ఆ దీవి ఎప్పుడూ చూడలేదు. ఊడదీసిన చెక్కల చోట కాళ్ళు బురదలో దిగబడ్డాయి, మరదలు పరిచిన కంపే ఆవిడ పాదాలు గీరేసింది.

రాతిముక్కు కింద, అతను దొరికిన చోటే మరదలు కూర్చుని ఉంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి పోతున్నాయి.

"లే."

"మీరు వెళ్ళండి వదినా. రేంజరు గారికి మీరే చెప్పెయ్యండి. నేను చెప్పినా మీరు చెప్పినా ఒకటే."

"నీ మొహం. నేను చెబితే ఎవరు నమ్ముతారు? లే ముందు."

"ఆయన రెండూ పోవాలన్నారు కదా."

తాళాలక్క ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ వెంటనే రెండు చేతులతో లాగి నిలబెట్టింది. "వాడో పిచ్చివెధవ. వాడన్నాడని నువ్వు... ముందు నడు. నా ముందు నడు. వెనక ఉన్నావంటే కాళ్ళు విరగ్గొడతా."

నీళ్ళలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కొండ రాళ్ళని ఆనుకుంటూ వచ్చారు. రెండుసార్లు అల వచ్చి ఇద్దరినీ రాతికేసి నొక్కింది. రెండుసార్లూ తాళాలక్క బూతులు తిట్టింది, అలనే అయి ఉండాలి. గుంజ దగ్గరికి చేరాక మరదలు ఆగిపోయింది. రాళ్ళు చూసింది గానీ చెయ్యి లేవలేదు.

"నువ్వు ముట్టుకోకు. వెనకొచ్చింది నేను," అని తాళాలక్క రెండు రాళ్ళూ తీసేసింది.

రేంజరు పడవ దిగి వచ్చేసరికి ఇద్దరూ తడిబట్టలతో గుంజ దగ్గరే కూర్చుని ఉన్నారు. సరంగు బోర్డు మోసుకొచ్చాడు. కొత్త గుంజ ఎందుకు, దీనికే కొట్టేద్దాం అన్నాడు రేంజరు. తర్వాత కొంచెం ఇబ్బందిపడుతూ తాళాలక్క వైపు చూశాడు. "చెప్పాల్సింది ఏమైనా ఉందా అమ్మా?"

మరదలు లేచి నిలబడింది. "సార్, ఆ రోజు గుంజ మీద..."

"ఆ రోజు గుంజ మీద ఏమీ లేదు సార్," అంది తాళాలక్క. "చూసింది నేనే కదా. బోడి గుంజ. మా వాడు పెట్టడం మరిచిపోయాడు. బోర్డు కొట్టెయ్యండి."

రేంజరు తెల్లబోయాడు. "ఏడాది నుంచీ మరిచిపోయే రకం కాదని నువ్వేగా..."

"తోడబుట్టినవాడు కదా సార్. ఎవరైనా అలాగే అంటారు."

మరదలు చెంగు నోట్లో కుక్కుకుని కింద కూలబడింది. మొగుడు గుర్తొచ్చి ఏడుస్తోందనుకుని రేంజరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అదీ అబద్ధం కాదు. సరంగు సుత్తి తీసి కొడుతుంటే బోర్డు వంకర తిరగకుండా తాళాలక్కే పట్టుకుంది. కుడివైపు కాస్త పైకి, ఆ మేకు తల అలా వదిలేస్తే ఎవరికైనా గీరుకుంటుంది, ఇంకా లోపలికి కొట్టు అని సరంగుని తిట్టింది. మా వాడైతే అనబోయి మింగేసింది.

మర్నాటి నుంచి ఆవిడ తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో మాటలు మాత్రం పెద్దగా పెరగలేదు. వాన పడ్డ ఒక పొద్దున్న మరదలు మేకు మీది గొడుగు తీసి ఆవిడ చేతికిచ్చింది, ఆవిడ తీసుకుంది. అంతవరకే.

ఎండ కాసిన ఒక రోజు ఒకావిడ చిన్నపిల్లని వెంటబెట్టుకుని గట్టు దారి ఎక్కబోతూ బోర్డు దగ్గర ఆగింది. మరదలు అక్కడే రాలిన ఆకులు ఊడుస్తోంది. పిల్ల తల్లి ఎర్ర అక్షరాలు పైకి చదివి, "అయ్యో, ఒక్క రాయి పెట్టడం ఎలా మరిచిపోయాడండీ? ఎవరాయన?" అని వెంట వచ్చిన తాళాలక్కని అడిగింది. మరదలి చీపురు ఆగిపోయింది.

"మా తమ్ముడేనమ్మా," అంది తాళాలక్క. "వాడికి చిన్నప్పటి నుంచీ మతిమరుపు. రోజూ పలక మరిచిపోయి బడికి వచ్చేవాడు. వాడి పలక కూడా నేనే మోసుకెళ్ళేదాన్ని."